అమ్మ నోటి అచ్చులు

మొన్నొక పొద్దు నంద్యాల పాతబజారులో మూలికలు అమ్మే అంగడి ముందు నిలబడి వాము కొనుక్కుంటూ ఉంటే, అంగడాయన ఎవరి కోసమో అతిమధురం పుల్లను అడకత్తెరలో పెట్టి పుటుక్కున విరిచాడు. విరిగిన చోటి నుంచి, తీపి అని చెప్పీ చెప్పలేని, కొంచెం ఎండుమట్టీ కొంచెం పాత కట్టెపెట్టే కలిసినట్టుండే వాసన ఒకటి లేచి నా ముఖానికి తగిలింది. చేతిలో సంచి చేతిలోనే ఉంది, వెనక ఆటో అతను దారి ఇమ్మని హారన్ కొడుతూనే ఉన్నాడు. నేను మాత్రం ఆళ్లగడ్డలో మా మట్టిమిద్దె వసారాలో ఉన్నాను. ఒక బుగ్గలో అతిమధురం ముక్క దాచుకున్న అమ్మ నా జడ బిగించి లాగి అల్లుతూ ఉంటే, ఆమె ఊపిరిలోంచి వచ్చే ఆ వాసన పీలుస్తూ కూర్చుని ఉన్నాను.

అమ్మ పేరు సుగుణమ్మ. నంద్యాల హాస్టల్లో ఉండి చదువుకుని, అక్కడే టీచరు ట్రైనింగు అయి, పెళ్ళి చేసుకుని ఆళ్లగడ్డకు వచ్చి, చర్చివాళ్ళు నడిపే చిన్న బడిలో పనికి చేరింది. నాయన నంద్యాల బస్సులో కండక్టరు. ఆయనకు మాట తక్కువ, విజిల్ ఎక్కువ అని అమ్మ ఎగతాళి చేసేది. నాయనను కన్న మా అవ్వ పొద్దు పొడవకముందే సద్దిమూట కట్టుకుని కూలి చేలకు పోయేది. ఇంట్లో పిల్లను నేనొక్కదాన్నే కాబట్టి ఇంటి చప్పుళ్ళన్నీ నావే అనుకునేదాన్ని, వాటిల్లో పెద్ద చప్పుడు అమ్మ గొంతు. కసువు చిమ్ముతూ పాడేది, జొన్నరొట్టె తట్టే చప్పుడుకు సరిపోయేట్టు పాడేది, బట్టలు ఆరేస్తూ సగం పాట మిద్దె మీదా సగం పాట మెట్ల మీదా పాడేది. ఆదివారం చర్చిలో ఆమె గొంతు పైకి లేచిందంటే మిగిలినవాళ్ళు తమ పాట మరచిపోయి వినేవాళ్ళు.

అవి డెబ్బైలు. తొలకరి పడిందంటే చేలల్లోని నల్లరేగడి ఊళ్ళోకి నడిచి వచ్చినట్టుండేది. చెప్పుకూ, బండిచక్రానికీ, ఎనుము గిట్టకూ రొట్టెపిండంత మందాన మట్టి అతుక్కుని, బడి గుమ్మం దగ్గర పుల్లతో గోక్కోవడానికే మాకు అరగంట పట్టేది. చలికాలం వస్తే తూర్పున నల్లమల కొండలు నీలంగా దగ్గరికి జరిగినట్టు కనిపించేవి, పాలు పట్టిన జొన్నకంకులు కాల్చి నలిపిన ఊసబియ్యం అవ్వ కొంగులో ఇంకా వెచ్చగా ఇంటికి వచ్చేవి, పచ్చి బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు, ఉడికే కుండ చుట్టూ పిల్లలం గోడకు ఆనుకుని కూర్చునేవాళ్ళం. క్రిస్మసుకు మా ఇంట్లో నిప్పట్లూ, కజ్జికాయలూ, నెయ్యి కారే ఓళిగలూ. రంజానుకు మా వెనకింటి ఖాదర్ మామ ఇంటినుంచి జీడిపప్పు తేలే సేమ్యాల గిన్నె. ఎండాకాలం మధ్యాహ్నాలు పెద్దవాళ్ళు నిద్రపోతుంటే, మేము ఆడపిల్లలం నాపబండల చల్లదనం మీద అచ్చనగండ్లు ఎగరేసేవాళ్ళం. రోడ్డువార శిల్పులు దేవుళ్ళను చెక్కే ఉలి చప్పుడు టంగుటంగుమని దూరంనుంచి వచ్చి మా ఆటకు తాళం వేసేది.

ఖాదర్ మామకు రేకు పని. పాత నూనె డబ్బాలు కోసి గరాటాలు, చేటలు, కిరసనాయిలు దీపాలు చేసేవాడు. ఆయన కూతురు షంషాద్ నా జత. నా కంటే పొడుగు, నా కంటే తెలివి, కానీ కొత్తవాళ్ళ ముందు నోరు తెరవడమంటే చచ్చేంత భయం. ఇద్దరం అమ్మ దగ్గరే ఐదో తరగతి.

మా బడి ఐదో తరగతితో అయిపోయేది. ఊళ్ళో హైస్కూలు ఉన్నా, ఆడపిల్లను ధైర్యంగా పంపాలంటే నంద్యాలలో హాస్టలున్న ఆడపిల్లల బడే దిక్కు. అక్కడ చేర్చుకునే ముందు ఎప్పుడూ చూడని ఇంగ్లీషు పుస్తకం ఒకటి తెరిచి చేతికిచ్చి, చదవమనేవాళ్ళు. సర్కారు బళ్ళలో అప్పటికి చిన్న తరగతులకు ఇంగ్లీషు ఊసే లేదు. మా బడిలో ఉన్నా, ఉన్నదల్లా వల్లెవేత. "సి ఏ టి క్యాట్, క్యాట్ అంటే పిల్లి" అని గొంతులు పగిలేట్టు అరిచేవాళ్ళం. అదే పిల్లి బొమ్మ తీసేసి, మొదటి అక్షరం మార్చి ముందు పెడితే గోడవైపు చూసేవాళ్ళం. అంతకుముందు ఏడాది పరీక్షకు పోయిన పిల్లలు అలాగే గోడవైపు చూసి తిరిగివచ్చారు. వాళ్ళలో ఇద్దరు అప్పటికే మా అవ్వతోపాటు కలుపు తీయడానికి పోతున్నారు. పొద్దున సద్దిమూటలతో వాళ్ళు మా ఇంటి ముందునుంచి పోతుంటే అమ్మ పాట ఆపేసి చూసేది.

ఆ ఏడు బడి తెరిచిన రోజుల్లోనే అమ్మ వల్లెవేత మానిపించింది. నల్లబల్ల మీద ఇంగ్లీషు అచ్చులు ఐదూ రాసి మావైపు తిరిగింది.

"మనకు అచ్చులెన్ని?"

"పదారు టీచర్!"

"సూడండి, మనం ఎంత సౌకారోళ్ళమో. పాపం ఇంగ్లీషోళ్ళకు అయిదే. అందుకే ఒక్కోదాంతో నాలుగు పనులు చేయించుకుంటారు. అక్షరం పేరు కాదు, అది చేసే పని నేర్చుకోవాల మీరు."

మొదటి అక్షరం చేసే మొదటి పని 'క్యాట్'లోని శబ్దం. మేము 'కాట్' అనేవాళ్ళం, లేకపోతే 'కేట్' అనేవాళ్ళం. అమ్మ కాసేపు విని, షంషాద్‌ను లేపి, మీ ఇంటి ముందర కట్టేసింది ఏందని అడిగింది. షంషాద్ తల వంచుకుని "మ్యాక" అంది. అంతే, తరగతంతా నవ్వు. ఎందుకంటే పక్క గదిలోని తెలుగు సారు మ్యాక అన్నవాళ్ళను బెంచీ ఎక్కించేవాడు. మేక అనాలి, ప్యాట కాదు పేట అనాలి, మోటుగా మాట్లాడితే మీరు బాగుపడరని ఆయన కోపం.

అమ్మ నవ్వలేదు. "ఇంకోసారి అను, నోటినిండా."

"మ్యా...క."

"ఆ మ్యానే నాకు కావాల! దుడ్లు పోసి కొనుక్కునే పనిలేదు, మీ నోట్లోనే పుట్టింది. సారు దగ్గర మేక అనండి. నా దగ్గర మాత్రం క్యాట్, మ్యాక, మ్యాట్, ప్యాట!"

మమ్మల్ని ఎప్పుడూ తిట్టించిన శబ్దం మంచిదైపోయింది ఆ రోజు. ఇంటికి పోతూ దారిలో కనపడిన ప్రతి మేకకూ ఇంగ్లీషులో చెప్పినంత గర్వంగా దాని పేరు వినిపించాం.

తర్వాత పాట వచ్చింది. రాగం అమ్మది కాదు, మా అవ్వది. కలుపు తీసే ఆడవాళ్ళు వరుసగా వంగి, ఒకామె ఒక చరణం ఎత్తుకుంటే మిగిలినవాళ్ళు చివర సాగదీస్తూ అందుకునే పదమొకటి ఉండేది. ఆ సాగదీసే చోట అమ్మ అచ్చును కూర్చోబెట్టింది.

"చాప మీద పిల్లి క్యాట్, చాప పేరు మ్యాట్ మ్యాట్,
నెత్తి మీద టోపి హ్యాట్, నోరు తెరువు... యా... యా...

గంప కింద కోడి హెన్, వేళ్ళు లెక్క పెడితె టెన్,
జేబులోన కలము పెన్, చెంప సాగు... ఎ... ఎ..."

మూడో చరణం 'ఇ'ది, పంది 'పిగ్', పెద్దది 'బిగ్' దగ్గర పెదవులు నవ్వినట్టు. కుండ 'పాట్', ఎండ 'హాట్' దగ్గర ఆ అనబోయి ఓ దగ్గర ఆగిపోయినట్టు పెదవులు గుండ్రంగా. పొద్దు 'సన్', పరుగు 'రన్' దగ్గర గొంతులోంచి చిన్న దగ్గు వచ్చినట్టు. ఆఖరి చరణం మూగ 'ఈ'ది. మాట చివర వచ్చి కూర్చుంటుంది, తాను పలకదు, ముందున్న అచ్చును మాత్రం పొడుగ్గా పలికిస్తుంది. 'క్యాప్' పక్కకు అది రాగానే 'కేప్' అయిపోతుంది. ఆ చరణం చివర మేమందరం వేలు పెదవుల మీద పెట్టుకునేవాళ్ళం.

అచ్చనగండ్లు ఎగరేస్తూ పాడాం, బిందెలు మోస్తూ పాడాం. అవ్వ కూడా చేలో పాడిందట. "నా పదానికి పిల్లినీ కోడినీ కట్టినావే" అని అమ్మను తిట్టి, మర్నాడు తానే రెండో చరణం ఏందని నన్ను అడిగింది.

వారం తిరక్కుండా ఖాదర్ మామ మా ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ లోపలికి వచ్చి చాప మీద కూర్చునే మనిషి, ఆ రోజు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అక్కా, నీ మీద నాకు శానా గౌరవం. గానీ మా పాప పొద్దున్నుంచీ ఇంట్లో పిగ్గు పిగ్గు అని పాడతాండాది. నాకు ఇంగ్లీషు రాదనుకునింది. పెద్దోడు చెప్పినాడు అదేందో. మా అమ్మ అన్నం ముందర నుంచి లేచిపోయింది."

అమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, నాకు తట్టనే లేదు ఖాదర్. పెద్దమ్మకు నేనొచ్చి చెప్తాలే." ఆయన చేతిలోని రేకు కత్తెర వైపు చూసి, అక్కడికక్కడే పాడింది. "ఖాదరు మామ డబ్బ టిన్, గౌనుకున్న సూది పిన్..."

ఖాదర్ మామ ముఖం వెడల్పయింది. "నా పేరు ఇంగ్లీషు పాటలోనా?" అన్నాడు. తర్వాత కొన్నాళ్ళు ఆయన అంగడి ముందునుంచి మేము పోతుంటే పని ఆపి, "నా చరణం పాడండి" అనేవాడు.

బడి కమిటీ పెద్ద జయరాజు తాతకు మాత్రం ఇదేమీ నచ్చలేదు. మంచివాడే, వానకు కారే బడికప్పును తన చేతులతో బాగుచేసిన మనిషి. కానీ బడి అంటే నిశ్శబ్దంగా ఉండాలనీ, కూలి చేలలో పాడే పదాలు పిల్లల నోళ్ళలోంచి పోవడానికే బడి పెట్టారనీ ఆయన నమ్మకం. "పాటలతో చదువొచ్చేట్టయితే మీ అత్త ఎప్పుడో కలెక్టరు అయ్యుండాల సుగుణమ్మా" అన్నాడు. నంద్యాల పరీక్ష దాకా చూద్దాం, అప్పుడూ పిల్లలు తిరిగివస్తే ఇంక పాటలొద్దు, నీ తరగతి వేరేవాళ్ళకు ఇస్తాం అని తేల్చేసి వెళ్ళాడు.

ఆ చలికాలంలోనే అమ్మ గొంతు పోయింది.

పగలంతా బడిలో పాట, సాయంత్రం చర్చిలో క్రిస్మసు పాటల సాధన. మొదట గొంతు గరగరమంది. అప్పుడే బుగ్గలోకి అతిమధురం వచ్చింది, మిరియాల పాలు వచ్చాయి. పండుగ ముందు ఒక సాయంత్రం పాట మధ్యలో గొంతు రెండుగా చీలినట్టయి ఆగిపోయింది. పండుగనాడు గాలి తప్ప మాట రాలేదు. నాయన నంద్యాలకు తీసుకుపోతే డాక్టరు చూసి, పార పట్టినవాళ్ళ చేతులకు కాయలు కాసినట్టు ఈమెకు గొంతులో కాయలు కాశాయనీ, మళ్ళీ తాను చూసి సరే అనేదాకా మాట్లాడకూడదనీ, గుసగుస కూడా వద్దనీ చెప్పాడు. వస్తుందా రాదా అని నాయన అడిగితే, వస్తే మౌనంతోనే రావాలి అన్నాడట.

ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోయినట్టు అనిపించింది నాకు. రొట్టె తట్టే చప్పుడు ఉంది, దాని మీద పాట లేదు. నన్ను పిలవాలంటే అమ్మ చప్పట్లు కొట్టేది. నాకు చప్పట్లు వద్దు, నా పేరు కావాలి. జడ వేయించుకుంటూ, "అమ్మా, నీకు లోపల నా పేరు వినపడతాందా?" అని అడిగాను ఒకసారి. అమ్మ దువ్వెన ఆపి, నన్ను తనవైపు తిప్పుకుని, నా పేరు నోటితో మెల్లగా అంది, చప్పుడు లేకుండా. ఆ పెదవుల కదలిక చూస్తే నాకు పేరు వినపడినట్టే ఉంది. ఏడ్చాను కానీ, అంతకుముందంత భయం లేదు.

జయరాజు తాత పలకరించడానికి వచ్చి, కాఫీ తాగి, నెమ్మదిగా అసలు మాట ఎత్తాడు. "సుగుణమ్మ ఇంట్లో సుఖంగా ఉండనీ. తరగతికి ఎవర్నన్నా చూస్తాం."

అమ్మ తల అడ్డంగా ఊపింది. తాత చూడనట్టు తువ్వాలు భుజాన వేసుకున్నాడు. అప్పుడు, ఎప్పుడూ నోరు విప్పని మా నాయన లేచి నిలబడ్డాడు. "పెద్దాయనా, మాట్లాడొద్దన్నాడు డాక్టరు. బడికి పోవద్దనలే."

"మాట్లాడకుండా ఏం చెప్తాదప్పా?"

"నాకు తెల్దు. నేను టికెట్లు కొట్టేటోన్ని. ఆమెకు తెల్సు."

బడికి పోయిన మొదటి రోజు ఘోరం. నోరు లేని టీచరంటే పిల్లలకు జాతరే. అమ్మ బల్ల మీద బెత్తంతో కొట్టినా ఎవరూ వినలేదు. అలసిపోయి కుర్చీలో కూర్చుండిపోయింది. నేను తల ఎత్తలేకపోయాను. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోయిన షంషాద్ వాళ్ళ నాయనతో ఏం చెప్పిందో, తిరిగి వచ్చేటప్పుడు ఖాదర్ మామ వెంట వచ్చాడు. ఆయన చేతిలో రేకుతో చేసిన గిలక, లోపల గులకరాళ్ళు. అప్పుడే అతికిన రేకు, ఇంకా వెచ్చగానే ఉండి ఉంటుంది. గడప దగ్గర నిలబడి ఒకసారి ఊపాడు. ఆ గలగలకు పక్క గదిలో తెలుగు సారు పాఠం కూడా ఆగిపోయింది.

"ఇది మోగితే టీచరు పిలిచినట్టు" అన్నాడు ఖాదర్ మామ మావైపు కళ్ళెర్రజేసి. "మోగినంక ఎవడన్నా మాట్లాడితే వాని చెవులు ఈ కత్తెరతో గరాటాలు చేస్తా." గిలక అమ్మకిచ్చి వెళ్ళిపోయాడు.

ఆ నిశ్శబ్దంలో అమ్మ నల్లబల్ల మీద మేమెన్నడూ చూడని మాట ఒకటి రాసింది. మాలో ఎవరికీ రాలేదు. అమ్మ మావైపు తిరిగి, అక్షరం కింద వేలు పెట్టి, నోరు వెడల్పుగా తెరిచింది. చప్పుడు లేదు. దవడ కిందికి, పెదవులు పక్కలకు. ఎడమచెయ్యి గాల్లో ఎత్తి పెట్టి ఉంచింది, ఆగమన్నట్టు. మేము చూస్తూ ఉండిపోయాం. ముందు షంషాద్ నోరు తెరుచుకుంది, అలాగే, చప్పుడు లేకుండా. దాన్ని చూసి నేను, నన్ను చూసి పక్కవాళ్ళు. తరగతంతా గూటిలో పిట్టపిల్లల్లా నోళ్ళు తెరిచాక, అమ్మ చెయ్యి దించింది.

"యా..." అన్నాం అందరం.

అమ్మ కళ్ళు మెరిశాయి. వేలు చివరి అక్షరాల మీదికి జరిపింది. "ల్యాంప్" అన్నాడు వెనక బెంచీవాడెవడో, తన గొంతుకు తానే ఉలిక్కిపడి.

ఆ తర్వాత అదే మా పద్ధతి. గిలక మోగుతుంది, అమ్మ నోరు ఆకారం దిద్దుతుంది, మేము చప్పుడు లేకుండా ఆ ఆకారంలోకి మా నోళ్ళను పెడతాం, చెయ్యి దిగితే గొంతు వదులుతాం. పాట కూడా మేమే పాడాలి. అమ్మ గిలకతో తాళం వేస్తూ ముందు నడుస్తుంది. అంతకుముందు అమ్మ గొంతు వెంట మా గొంతులు కొట్టుకుపోయేవి. ఇప్పుడు ఆనుకోవడానికి ఆ గొంతు లేదు కాబట్టి ఎవరి అచ్చు వాళ్ళే వెతుక్కోవాల్సి వచ్చింది. సంక్రాంతి దాటి ఎండలు ముదిరేసరికి అమ్మ రాసిన ఏ మాటనైనా కుంటుకుంటూ చదివేవాళ్ళం. మూగ 'ఈ' చరణం పాడిన ఒక రోజు షంషాద్ నా చెవిలో, "మన టీచరు ఇప్పుడు ఆ 'ఈ' మాదిరే ఉండాది గదా, తాను పలకదు గానీ మనల్ని పలికిస్తాది" అంది. ఇంటికి వచ్చి చెబితే అమ్మ చాలాసేపు నవ్వింది, భుజాలు మాత్రం కదిలేట్టు.

ఎండాకాలంలో నంద్యాల పరీక్ష. నాయన బస్సులోనే పోయాం. నేనూ, షంషాద్, మరో ముగ్గురు ఆడపిల్లలూ, అమ్మా, ఖాదర్ మామా. శిరివెళ్ల దగ్గర బస్సు ఆగితే నాయన మా అందరికీ బొరుగుల ఉగ్గాని పొట్లాలు కొనిచ్చి, మళ్ళీ కండక్టరై విజిల్ ఊదాడు. షంషాద్ తినలేదు. నాకు ఫలితం ఎలా వచ్చినా అమ్మ ఉంది. షంషాద్‌కు మాత్రం ఈ పరీక్ష పోతే చదువు అయిపోయినట్టే. నంద్యాలలో వాళ్ళ పెద్దమ్మ ఇంట్లో పెట్టి చదివించడానికి వాళ్ళ ఇంట్లో ఒప్పుకోవడమే గగనమైంది.

పెద్ద బడి గదిలో తెల్లచీర కట్టుకున్న హెడ్‌మిస్ట్రెస్ కూర్చుని ఉంది. అమ్మావాళ్ళు బయట వరండాలో. నేను చదివాను, ఏం చదివానో గుర్తులేదు, ఆమె తల ఊపడం గుర్తుంది. తర్వాత షంషాద్. కొత్త పుస్తకం, కొత్త మనిషి, పైన ఫ్యాను చప్పుడు. మొదటి వాక్యం ఎలాగో దాటింది. రెండో వాక్యంలో ఒక మాట దగ్గర ఆగిపోయింది. గోడవైపు చూసింది. హెడ్‌మిస్ట్రెస్ కాసేపు చూసి పుస్తకం కోసం చెయ్యి చాపింది.

అప్పుడు షంషాద్ కుడిచెయ్యి పక్కన గౌను మీద తాళం వేయడం చూశాను. గిలక తాళం.

"ఏమిటమ్మా అది?" అంది హెడ్‌మిస్ట్రెస్.

"పాట మేడమ్" అంది షంషాద్ వినీ వినపడనట్టు. "నాకు పాడితే వస్తాది."

గదిలో ఉన్న ఇంకో టీచరు నవ్వింది. హెడ్‌మిస్ట్రెస్ నవ్వలేదు. చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, "పాడు మరి" అంది.

షంషాద్ కళ్ళు మూసుకుంది. మా అవ్వ కలుపు పదం ఆ ఫ్యాను కింద మెల్లగా మొదలైంది. "చాప మీద పిల్లి క్యాట్..." తర్వాత మూడో చరణం, వాళ్ళ నాయన చరణం, టిన్, పిన్. ఆగింది. కళ్ళు తెరిచి పుస్తకంలోకి చూసింది. నోరు చప్పుడు లేకుండా వెడల్పుగా తెరుచుకుంది, తర్వాత నవ్వినట్టయింది.

"క్యా... బిన్" అంది. "క్యాబిన్."

ఆ మాటకు అర్థం మా ఇద్దరికీ తెలియదు. షంషాద్ ఇంక ఆగలేదు, పేజీ చివరిదాకా పోయింది, కుంటుతూ, తాళం వేసుకుంటూ.

హెడ్‌మిస్ట్రెస్ లేచి మమ్మల్ని వెంటబెట్టుకుని వరండాలోకి వచ్చింది. "ఈ పిల్లల టీచరు ఎవరు?" అమ్మ లేచి నిలబడి నమస్కారం పెట్టి, గొంతు చూపించి చెయ్యి అడ్డంగా ఊపింది. ఖాదర్ మామ ముందుకొచ్చి, "మాట్లాడగూడదు మేడమ్, డాక్టరు వద్దన్నాడు. చలికాలం నుంచీ ఇట్లనే చెప్తాండాది" అన్నాడు. హెడ్‌మిస్ట్రెస్ అమ్మనూ మమ్మల్నీ మార్చి మార్చి చూసింది. "మీ గొంతు బాగయ్యాక మా చిన్న తరగతులకు వచ్చి ఒకసారి చూపించండి" అంది. ఐదుగురినీ చేర్చుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు నాయన ఖాదర్ మామకు టికెట్ కొట్టలేదు. తన జేబులోంచి పెట్టుకున్నాడు.

ఆ రోజే డాక్టరు చూసి, కాయలు కరిగాయి, ఇంక మెల్లగా మాట్లాడవచ్చు అన్నాడు. కానీ అమ్మ నోరు విప్పలేదు. రోజులు గడిచాయి. నాయన అడగలేదు, నేనూ అడగలేదు. ప్రయత్నిస్తే ఏమీ రాకపోతే ఎలా అన్న భయం ఆమె కళ్ళలో మాకు కనిపిస్తూనే ఉంది. ఒక పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి అమ్మ నాకు జడ వేస్తోంది, అవ్వ పొయ్యి పక్కనే కూర్చుని కునుకు తీస్తోంది.

"పాలు! పాలు పొంగుతాండాయి అత్తా!"

ఎవరిదో మగగొంతు అనుకుని అవ్వ కొంగు సర్దుకుంటూ లేచింది. అది అమ్మది. బరువుగా, మందంగా, అడుగున రాళ్ళున్న నీళ్ళలా. అమ్మ తన గొంతు మీద తానే చెయ్యి వేసుకుని నన్ను పేరు పెట్టి పిలిచింది, ఒకసారి, మళ్ళీ ఒకసారి. పాలు పొంగి పొయ్యి ఆరిపోయి ఇల్లంతా మాడు వాసన వేసినా ఎవరం కదల్లేదు.

పాత గొంతు మాత్రం రాలేదు. చర్చిలో పై స్థాయి పాటలు వేరేవాళ్ళు ఎత్తుకున్నారు. అమ్మ కింద స్థాయిలో కలిసేది. బడిలో ఆమె తరగతి ఆమెకే ఉంది. జయరాజు తాత తన మనవరాలిని తెచ్చి అమ్మ తరగతిలో కూర్చోబెట్టి పోయాడు. నేను నర్సునయ్యాను. ఎనభైలలో షంషాద్ శిరివెళ్లలో టీచరుగా చేరింది. కొత్త మనుషుల ముందు నోరు తెరవడానికి ఇప్పటికీ భయమే, కానీ పాట ఎత్తుకుంటే పోతుంది అని నవ్వేది. అమ్మ పిలిపించుకుంటే ఆదివారాలు వచ్చి, ఆమె బొంగురు గొంతుతో కట్టిన కొత్త చరణాలు తన గొంతుతో పాడి చూపించేది.

ఇప్పుడు అమ్మ లేదు. బడి ఉన్నచోట సెల్‌ఫోన్ల అంగళ్ళు వరుసగా లేచాయి. నూనె డబ్బాలు ప్లాస్టిక్‌వి అయ్యాక ఖాదర్ మామ పని ఆగిపోయింది. చేలల్లో కలుపు మందు కొడుతున్నారు, ఆడవాళ్ళు వరుసగా వంగి పాడే పదాలు ఎవరికీ పూర్తిగా రావు. అవ్వ పాడిన దానిలో నాకు మిగిలింది రెండు చరణాలు, మిగతాదంతా పిల్లీ కోడీ.

ఈ వేసవిలో ఒక పెళ్ళికి పోయి, ఆళ్లగడ్డ బస్టాండులో నంద్యాల బస్సు కోసం నిలబడ్డాను. రోడ్డవతల ఒక నెరిసిన మీసాల మనిషి, పక్కన తువ్వాలుతో చెంప పట్టుకుని మూలుగుతున్న అతని భార్య. అతను మిద్దె మీద ఇంగ్లీషు బోర్డు వైపు చూస్తున్నాడు. ముందు అతని చెంపలు పక్కలకు సాగాయి, చప్పుడు లేకుండా. కాసేపు అలాగే ఉండి, నా దాకా వినపడేంత గట్టిగా "డెం... టల్" అన్నాడు. పెదవులు నవ్వినట్టు పెట్టి ఆగి, "క్లి... నిక్" అన్నాడు.

నేను రోడ్డు దాటి అతని దగ్గరికి పోయాను. "సుగుణమ్మ టీచరు దగ్గర చదువుకున్నావా అన్నా?"

అతను తెల్లబోయాడు. "నీకెట్ల తెల్సమ్మా?"

"నీ నోరు చూసి. నేను ఆమె కూతుర్ని."

"అరె, కండక్టరన్న పాపవా!" అతని ముఖం విప్పారింది. "నేను ఓబులేసును. వెనక బెంచీ. నాకు చదువు అయిదుతోనే ఆగిపాయె, ట్రాక్టరు తోలుకుని బతికినా. గానీ యాడ ఇంగ్లీషు బోర్డు కనపడినా చదవకుండా పోనమ్మా. టీచరు చెయ్యి దించేదాకా పలకగూడదు గదా, అందుకే రొంత ఆలస్యం."

"ఈయన ఇంతేనమ్మా" అంది భార్య చెంప వదలకుండానే. "ముందు నోరు తెరుస్తాడు, మాట ఎప్పటికో వస్తాది. నా పంటినొప్పికి అంత ఓపిక యాడిది? బేగా పద!"

ఇద్దరం నవ్వాం. అతను భార్య చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కుతూ, సగంలో తలుపు మీద ఇంకో బోర్డు కనపడి ఆగాడు. నా బస్సు వచ్చి కండక్టరు విజిల్ వేస్తున్నా నేను కదల్లేదు, ఓబులేసు దాన్ని ఏమని చదువుతాడో విని పోదామని.